డంపింగ్ యార్డు పక్క నేల భార లోహాలను ఎలా పట్టి ఉంచుతుంది, ఆ పట్టును ఎలా పరీక్షించుకోవాలి

వరంగల్ నగరపు చెత్త ఏళ్ల తరబడి మడికొండ పక్కనున్న రాంపూర్ యార్డుకు చేరుతోంది. కరీంనగర్ చెత్త మానేరు ఒడ్డున గుట్టగా పేరుకుంది. ఉత్తర తెలంగాణలో మున్సిపాలిటీగా మారిన దాదాపు ప్రతి పట్టణానికీ శివార్లలో ఇలాంటి గుట్ట ఒకటి కనిపిస్తుంది. వానలు పడ్డప్పుడు ఆ గుట్టల అడుగు నుంచి కారే నల్లటి ఊట నీరు పల్లం వెతుక్కుంటూ పక్క చేలలోకీ వాగుల్లోకీ దిగుతుంది. చుట్టుపక్కల రైతులు అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు: బోరు నీళ్లు తాగవచ్చా, పండిన పంట తినవచ్చా? యార్డు ఎంత దూరంలో ఉందన్న ఒక్క లెక్కతో వీటికి జవాబు దొరకదు. గుట్టకూ బోరుకూ మధ్య ఎలాంటి మట్టి ఉంది, అది ఎంత లోతు వరకు ఉంది, దాని పుల్లదనం ఎంత, అందులోకి దిగుతున్న లోహం ఏది అన్న సంగతులు తెలియాలి. వాటిని మీ చేనులోనే, చాలావరకు మీ చేతులతోనే తెలుసుకునే పద్ధతి ఇక్కడ ఉంది.

కుళ్లిన కూరగాయల తొక్కలను సూక్ష్మజీవులు తిని మట్టిలో కలిపేస్తాయి. సీసం, కాడ్మియం, నికెల్ వంటి భార లోహాలు మూలకాలు కాబట్టి వాటిని ఏ జీవీ విరగ్గొట్టలేదు. మట్టి వాటిని పట్టి ఉంచుతుందంతే. కనుక నేల శుద్ధి చేసేసిందని నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. పట్టిన లోహం ఎక్కడ నిలిచింది, ఏ పరిస్థితిలో మళ్లీ వదులవుతుంది అన్నదే చూసుకోవలసిన అసలు విషయం.

గుట్టలోంచి ఏమేం దిగుతాయి

పాత ఆటో బ్యాటరీలు, టంకం, పాత రంగుల పెచ్చులు, గాజు బుడ్డీ టీవీలు సీసానికి మూలం. నికెల్-కాడ్మియం బ్యాటరీలు, కొన్ని ప్లాస్టిక్కుల రంగులు కాడ్మియాన్ని ఇస్తాయి. పగిలిన ట్యూబులైట్లు, థర్మామీటర్లు పాదరసాన్ని, తోలు ముక్కలు, పసుపు రంగు పెయింట్లు క్రోమియాన్ని, టార్చిలైటు బ్యాటరీలు, జింకు పూసిన రేకులు జింకును వదులుతాయి. చెత్తను తగలబెడితే ఇవి కాలిపోవు. కొంత ఆవిరిగా, కొంత సన్నటి బూడిదగా మారి గాలితో చుట్టూ చేల పైపొర మీద పడతాయి.

చెత్త వయసును బట్టి ఊట నీటి స్వభావం మారుతుంది. కొత్తగా పోసిన చెత్త కుళ్లేటప్పుడు ఆమ్లాలు పుట్టి ఊట నీటి పీహెచ్ (పుల్లదనపు కొలత; 7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు) 5, 6 దాకా దిగుతుంది. ఆ పుల్లటి నీరు లోహాలను బాగా కరిగించుకుంటుంది. కొన్నేళ్ల తర్వాత మీథేన్ పుట్టే దశ వచ్చాక పీహెచ్ 7.5 దాటుతుంది. అప్పుడు గుట్టలోనే సల్ఫైడ్లు ఏర్పడి చాలా లోహాలను అక్కడే రాయిలా బిగించేస్తాయి. పాత గుట్టను తవ్వినా, గాలి సోకేలా కదిపినా ఆ సల్ఫైడ్లు ఆక్సీకరణ చెంది పట్టు సడలుతుంది. అందువల్ల పాత యార్డు కాబట్టి ప్రమాదం తీరిందని గానీ, కొత్త యార్డు కాబట్టి ఇంకా మొదలవలేదని గానీ అనుకోవడం సరికాదు.

మట్టి పట్టు నాలుగు విధాలు

ఈ భాగం కొంచెం పెద్దదే. అయినా దీన్ని దాటవేస్తే తర్వాత చెప్పే పరీక్షలకు అర్థం ఉండదు.

మొదటిది మార్పిడి. బంకమట్టి రేణువుల ఉపరితలంపై రుణ విద్యుదావేశం ఉంటుంది. దాన్ని ఆనుకొని కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం అయాన్లు వదులుగా అతుక్కొని ఉంటాయి. ధనావేశం గల సీసం, కాడ్మియం, జింకు వచ్చినప్పుడు ఒక కాల్షియాన్ని నీటిలోకి తోసి ఆ చోట్లో చేరతాయి. ఈ సామర్థ్యం నేలను బట్టి ఎంతగా మారుతుందంటే, ఎర్ర నేలల్లో ఎక్కువగా ఉండే కెయొలినైట్ బంకమన్ను కిలోకు 3 నుంచి 15 సెంటీమోళ్ల (ఆవేశాన్ని లెక్కించే కొలమానం) ఆవేశాన్ని మార్చుకోగలిగితే, నల్లరేగడిలో ఉండే స్మెక్టైట్ రకం 80 నుంచి 120 దాకా మార్చుకోగలదు. అయితే మార్పిడి పట్టు వదులుగా ఉంటుంది. ఉప్పు ఎక్కువగా ఉన్న నీరు వస్తే పట్టిన లోహం మళ్లీ బయటపడుతుంది.

రెండవది ఐరన్, మాంగనీస్, అల్యూమినియం ఆక్సైడ్లపై జరిగే గట్టి అతుకు. మన ఎర్ర చెలకకు ఆ రంగునిచ్చేది ఐరన్ ఆక్సైడే. ఇక్కడ లోహం ఆక్సిజన్‌తో నేరుగా రసాయన బంధం కలుపుకుంటుంది కాబట్టి ఉప్పు నీరు వచ్చినా సులభంగా కదలదు. సీసం, రాగి ఈ విధంగా బలంగా పట్టుబడతాయి. ఆర్సెనిక్, క్రోమేట్ (క్రోమియం తీసుకునే ఒక రూపం) వంటివి రుణావేశంతో తిరిగేవి కాబట్టి నల్లరేగడి బంకమన్ను వాటిని పట్టలేదు. ఐరన్ ఆక్సైడ్ మాత్రం, ముఖ్యంగా నేల కొంచెం పుల్లగా ఉన్నప్పుడు, వాటిని పట్టగలదు. ఎర్ర నేలను సారం లేనిదిగా తక్కువ చేసి మాట్లాడేవారు ఈ ఒక్క గుణాన్ని గమనించాలి.

మూడవది సేంద్రియ పదార్థం. పశువుల ఎరువు, కంపోస్టు కుళ్లి ఏర్పడే హ్యూమస్‌కు రాగి, సీసం, పాదరసం అంటే మక్కువ ఎక్కువ. ఇందులో ఒక చిక్కుంది. హ్యూమస్‌లో నీటిలో కరిగే భాగం లోహాన్ని పట్టుకొని తనతోపాటు కిందికి తీసుకుపోతుంది. చెత్త ఊట నీరు నల్లగా కనిపించడానికి కారణం చాలావరకు ఈ కరిగిన సేంద్రియ పదార్థమే కనుక, ఊట నీటిలోని రాగి, సీసం మంచి నీటిలో కన్నా ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి.

నాలుగవది అవక్షేపం. కార్బొనేటు, హైడ్రాక్సైడు, ఫాస్ఫేటు, సల్ఫైడు దొరికిన చోట లోహం కరగని లవణంగా మారి మట్టిలో కూర్చుండిపోతుంది. వరి వేసే రైతుకు ఇది కొత్త కాదు. జింకు సల్ఫేటును డీఏపీతో కలిపి చల్లవద్దని, మధ్యలో రెండు మూడు రోజులు ఎడం ఉంచమని వ్యవసాయ అధికారులు చెప్పేది ఇందుకే. రెండూ కలిస్తే జింకు ఫాస్ఫేటుగా మారి మొక్కకు అందదు. సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో వరికి జింకు లోపం వచ్చి ఆకులు తుప్పు రంగుకు తిరగడం కూడా ఇదే గుణం ఫలితం. పంటకు కావలసిన జింకును మొక్కకు అందకుండా బిగించే అదే నేల, యార్డు పక్కన ఉన్నప్పుడు కాడ్మియాన్నీ సీసాన్నీ అలాగే బిగిస్తుంది.

అన్ని లోహాలూ ఒకే తీరుగా పట్టుబడవు. సీసం అన్నింటికన్నా గట్టిగా, తర్వాత రాగి, వాటికి బాగా వెనుకగా జింకు, నికెల్, కాడ్మియం వస్తాయి. ఊట నీటిలో క్లోరైడ్ ఎక్కువుంటే కాడ్మియం దానితో జత కట్టి ఆవేశం కోల్పోయి ఇంకా తేలికగా కదులుతుంది. మొత్తం మీద పీహెచ్ పెరిగేకొద్దీ ధనావేశ లోహాల పట్టు బిగుస్తుంది, తగ్గేకొద్దీ సడలుతుంది. ఆర్సెనిక్, క్రోమేట్‌ల విషయంలో ఇది తలకిందులవుతుంది.

ఈ పట్టు ఎంత బలమైనదో చిన్న లెక్కతో చూడవచ్చు. లీటరు నీటిలో ఉన్న లోహానికి కిలో మట్టిపై అతుక్కున్న లోహం 100 రెట్లుందనుకుందాం. మట్టి సాంద్రత 1.5, అందులోని నీటి భాగం 0.4 అయితే, నీటి కన్నా లోహం 1 + (1.5 ÷ 0.4) × 100, అంటే 376 రెట్లు నెమ్మదిగా నడుస్తుంది. నీరు మీటరు దిగే కాలంలో ఆ లోహం 3 మిల్లీమీటర్లు కూడా దిగదు. కానీ ఈ లెక్క మట్టిలో రేణువు రేణువునూ తడుపుతూ దిగే నీటికే వర్తిస్తుంది. ఎండాకాలంలో నల్లరేగడి నెర్రెలు వారినప్పుడు తొలకరి వాన నీరు ఆ నెర్రెల గుండా నేరుగా అడుగుకు జారిపోతుంది, మట్టికి దాన్ని పట్టే వ్యవధి ఉండదు. అంతకన్నా పెద్ద ప్రమాదం మన ప్రాంతపు భూమి నిర్మాణంలోనే ఉంది. వరంగల్ చుట్టూ చాలాచోట్ల ఎర్రమట్టి పొర పలచగా ఉండి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న గ్రానైటు రాయి వస్తాయి. బోర్లకు నీరు వచ్చేది ఆ పగుళ్ల నుంచే. పగుళ్లలోకి చేరిన నీటిని వడగట్టే మట్టి అక్కడ ఉండదు. మొరం కోసం మట్టి తీసేసిన గుంతలో చెత్త పోయడం అందుకే నా దృష్టిలో అన్నింటికన్నా చెడ్డ అలవాటు.

చేనులో చేసుకునే పరీక్షలు

ముందుగా గడ్డపారతో ఒక గుంత తవ్వి, మొరం తగిలే లోతును కొలిచి రాసుకోవాలి. ఆ కొలతే మీ నేలకున్న వడపోత మందం. పక్క గోడలో రంగు మారే చోట్లు, వేళ్లు దిగిన లోతు, తెల్లటి సున్నపు గడ్డలు ఉన్నాయేమో కూడా చూడాలి.

తర్వాత పిడికెడు మట్టిని తడిపి ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయాలి. దుబ్బ నేల ముద్దకే రాదు. ఎర్ర చెలక కొద్దిగా సాగి తెగిపోతుంది. నల్లరేగడి రెండు అంగుళాలు దాటి సాగి, వేళ్లకు జిగురుగా అంటుతుంది. ఎంత సాగితే అంత బంకమన్ను ఉన్నట్టు, దానితోపాటు మార్పిడి సామర్థ్యమూ ఉన్నట్టు.

ఎండిన మట్టిపై నాలుగు చుక్కల వెనిగర్ వేసి చెవి దగ్గర పెట్టుకొని వింటే, సున్నమున్న నేల సన్నగా బుసబుసమంటుంది. వెనిగర్ బలహీనమైన ఆమ్లం కాబట్టి సున్నం కొద్దిగా ఉన్నప్పుడు పొంగు కనిపించకపోయినా చప్పుడు వినిపిస్తుంది. బుసబుస వచ్చిన నేలకు ఆమ్లాన్ని తట్టుకునే నిల్వ ఉందని అర్థం. యార్డు నుంచి పుల్లటి ఊట వచ్చినా ఆ నేల పీహెచ్ వెంటనే పడిపోదు. చప్పుడు రాని ఎర్ర నేలకు ఆ రక్షణ లేదు.

సీసాలతో మైలుతుత్తం ప్రయోగం

నేల లోహాన్ని పట్టడాన్ని కళ్లారా చూడాలంటే బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందుకు వాడే మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, చాలు. ఇది విషం. చేతులకు తొడుగులు వేసుకోవాలి, పిల్లలు పెద్దల సమక్షంలోనే చేయాలి, వంటపాత్రలు వాడకూడదు. ఇనుప పాత్ర అసలే వద్దు, రాగి దానికే అంటుకుపోతుంది.

లీటరు పట్టే ప్లాస్టిక్ సీసాలు మూడు తీసుకొని, వాటి అడుగు కోసి, తలకిందులుగా నిలిపి, మూతికి గుడ్డ కట్టాలి. ఒకదానిలో దుబ్బ మట్టి, ఒకదానిలో ఎర్ర చెలక, మూడవదానిలో నల్లరేగడి 300 గ్రాముల చొప్పున తీసుకోవాలి. నల్లరేగడి తడిస్తే ఉబ్బి నీటిని ఆపేస్తుంది కనుక, మూడింటిలోనూ అంతే బరువు కడిగిన ఇసుకను కలపాలి. ఒక్కదానిలోనే కలిపితే పోలిక చెడుతుంది. ముందు మామూలు వాన నీరో ఆర్వో నీరో పోసి తడిపి, కింద కారిన నీటిని వేరుగా ఉంచుకోవాలి. తర్వాత లీటరు నీటికి 5 గ్రాముల మైలుతుత్తం కలిపిన నీలి నీటిని, ప్రతి సీసాకూ లీటరు చొప్పున, కొద్దికొద్దిగా పోస్తూ, కారిన నీటిని గాజు గ్లాసుల్లో వరుసగా పట్టాలి.

దుబ్బ నుంచి నీలి రంగు తొందరగా దిగుతుంది. ఎర్ర చెలక నుంచి మొదట తేటగా వచ్చి, చివరి గ్లాసుల్లో లేత నీలం కనిపించవచ్చు. నల్లరేగడి నుంచి లీటరంతా పోసినా సాధారణంగా తేట నీరే వస్తుంది. కంటికి అనుమానమైతే, బోర్డో మిశ్రమంలో సున్నం సరిపోయిందో లేదో చూడడానికి రైతులు చేసే కత్తి పరీక్షే చేయవచ్చు. తుప్పులేని ఇనుప చాకును నీటిలో ముంచి కాసేపు ఉంచితే, రాగి మిగిలి ఉన్నప్పుడు అంచు మీద ఎర్రటి పూత పడుతుంది.

ఇక్కడ చాలామంది చూడకుండా వదిలేసే ఒక సంగతి ఉంది. నల్లరేగడి కింద పట్టిన తేట నీటిలో చిటికెడు బట్టల సోడా వేసి కలిపితే పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు కాల్షియం కార్బొనేటు. ముందుగా వాన నీటితో తడిపినప్పుడు కారిన నీటికి అదే సోడా వేస్తే అంత తెలుపు రాదు. రాగి లోపలికి చేరుతూ కాల్షియాన్ని బయటికి తోసిందని దీనివల్ల కంటికి కనిపిస్తుంది.

చివరగా ఎర్ర చెలక సీసాలో మంచి నీరు పోసి కడిగి, ఆ తర్వాత వడగట్టిన నిమ్మరసం పోయాలి. తేటగా వస్తున్న నీరు మళ్లీ ఆకుపచ్చ కలిసిన నీలానికి తిరుగుతుంది, చాకు ఎర్రబడుతుంది. నిమ్మరసంలోని ఆమ్లం పీహెచ్‌ను తగ్గించడంతోపాటు రాగిని తనతో కట్టుకొని దింపేస్తుంది. కొత్త చెత్త నుంచి కారే పుల్లటి ఊట నేలకు చేసేది ఇదే.

చాకు ఎర్రబడకపోతే నీరు తాగడానికి పనికొస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోకూడదు. ఇది లీటరుకు వందల మిల్లీగ్రాముల రాగిని చూపే పరీక్ష. తాగునీటి హద్దులు దానికి వేల వంతు కింద ఉంటాయి. మిగిలిన నీలి నీటిలో తడి సున్నం కలిపితే రాగి అడుగుకు దిగుతుంది. ఆ మడ్డినీ సీసాల మట్టినీ ఎండబెట్టి మూతగల డబ్బాలో వేసి, ఇంటి ప్రమాదకర చెత్తగా మున్సిపల్ బండికి విడిగా ఇవ్వాలి. కుంటలో పోస్తే చేపలు చస్తాయి.

ప్రయోగశాలకు పంపే నమూనా

భూసార పరీక్ష కార్డులో నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, పీహెచ్, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం అనే 12 అంశాలుంటాయి. సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ అందులో ఉండవు. వాటిని విడిగా, పేరు పెట్టి అడగాలి. అయినా ఆ కార్డును పక్కన పడేయవద్దు. పీహెచ్, సేంద్రియ కర్బనం మీ నేల పట్టు ఎంతో చెబుతాయి, లవణ పరిమాణం ఊట నీటి రాకను ముందే పట్టిస్తుంది. క్లోరైడ్ లాంటి లవణాలను మట్టి ఆపలేదు, అవి నీటితో సమానంగా నడుస్తాయి. బోరు నీరు ఏడాదికేడాది ఉప్పగా మారుతూ, పొలంలో లవణ పరిమాణం పెరుగుతుంటే, లోహాలు ఇంకా రాకపోయినా దారి మాత్రం తెరుచుకున్నట్టే.

ఎక్కడ సలహా అడగాలన్న విషయానికి వస్తే, వరంగల్‌లోనూ జగిత్యాల పొలాసలోనూ ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ పరిశోధన స్థానాలున్నాయి. నమూనా తీయడానికి ముందే ఏ లోహాలకు పరీక్ష చేస్తారో, ఎంత మట్టి కావాలో అడిగి తెలుసుకోవడం మంచిది.

నమూనా తీసేటప్పుడు జింకు పూత బకెట్లు, రంగు వేసిన పారలు వాడితే ఆ లోహమే ఫలితంలో కనిపిస్తుంది. గుంత పారతో తవ్వినా, గోడను చెక్క గరిటెతో చెక్కి, ఆ చెక్కిన భాగం నుంచే మట్టి తీయాలి. ఎకరంలో వంకరటింకరగా ఎనిమిది పది చోట్ల తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు వదిలేస్తూ అరకిలోకు తేవాలి. లోతులను కలపకూడదు. 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల మట్టిని వేరువేరు సంచుల్లో వేసి, లోతు, తేదీ, సర్వే నంబరు రాయాలి. రోడ్డు అంచు, గట్టు, పెంట కుప్ప వేసిన చోటు వదిలేయాలి.

అన్నింటికన్నా ముఖ్యమైన సంచి పోలిక నమూనా. యార్డుకు ఎగువన, గాలి వాటం కాని దిక్కున, అదే రంగు, అదే రకం మట్టి ఉన్న చోటి నుంచి అదే లోతుల్లో తీయాలి. రాయి నుంచి సహజంగా వచ్చిన లోహం ప్రతి నేలలోనూ కొంత ఉంటుంది కాబట్టి, పోలిక లేని ఒంటరి అంకె పెద్దగా ఏమీ చెప్పదు. ఖర్చుకు వెనుకాడి దీన్ని మానేసేవారు మిగతా ఖర్చునంతా వృథా చేసుకున్నట్టే.

ప్రయోగశాలలో మొత్తం లోహం, డీటీపీఏ అనే రసాయనంతో తీసిన లోహం రెండూ అడగాలి. మొదటిది నేలలో ఎంత ఉందో, రెండవది అందులో మొక్కకు ఎంత అందుతుందో చూపుతుంది.

బోరు నీటి నమూనాకు మోటారును పది నిమిషాలు నడిపించి, ఆ తర్వాత ప్రయోగశాల ఇచ్చిన ప్లాస్టిక్ సీసాలో పట్టాలి. సీసాలో ముందే వేసే నైట్రిక్ ఆమ్లం లోహం గోడలకు అంటకుండా ఆపుతుంది, దాన్ని కడిగేయకూడదు.

ఫలితాన్ని చదవడం

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు సీసం 0.01, కాడ్మియం 0.003, నికెల్ 0.02, మొత్తం క్రోమియం 0.05, పాదరసం 0.001, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే మరగబెట్టడం వల్ల లాభం లేదు. నీరు ఆవిరై లోహం ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం చాలావరకు తీసేస్తుంది, కానీ అది వదిలే వృథా నీటిని కూరగాయల మడికి పెట్టకూడదు.

మట్టికి పోలికగా ఐరోపా సమాజం 1986లో మురుగు బురద వేసే సాగు భూములకు పెట్టిన హద్దులు ఉపయోగపడతాయి. కిలో మట్టికి కాడ్మియం 1–3, సీసం 50–300, నికెల్ 30–75, రాగి 50–140, జింకు 150–300 మిల్లీగ్రాములు. ఈ రెండు అంకెల మధ్య తమ హద్దును ఎంచుకునే వీలు సభ్య దేశాలకు ఇచ్చారు.

అంకె కన్నా లోతుల వారీ తీరు ఎక్కువ చెబుతుంది. పైపొర 15 సెంటీమీటర్లలోనే లోహం ఎక్కువై, కింద పోలిక నమూనాతో సమానంగా ఉంటే, గాలితో వచ్చిన బూడిదనో పైనుంచి పారిన ఊటనో నేల పట్టి నిలిపిందని అర్థం. 30–60 పొరలో కూడా పెరిగి ఉంటే, పట్టు నిండిపోయిందో, నెర్రెల దారి దొరికిందో తేల్చుకోవాలి. పైన తక్కువై అడుగున మాత్రమే ఎక్కువ ఉంటే, భూమి లోపలి నుంచి ఊట పక్కకు పాకుతోందేమో అనుమానించి దిగువ బోర్లన్నీ పరీక్షించాలి.

పట్టును బలపరచడం

పుల్లగా ఉన్న ఎర్ర నేలకు, భూసార పరీక్షలో చెప్పిన మోతాదులో సున్నం వేసి పీహెచ్‌ను 6.5, 7 మధ్యకు తెస్తే సీసం, కాడ్మియం, నికెల్, జింకు బిగుస్తాయి. నల్లరేగడికి సున్నం అవసరం లేదు. ఫలితంలో ఆర్సెనిక్ గానీ క్రోమేట్ గానీ ఉంటే మాత్రం సున్నం వేయకూడదు, అవి వదులవుతాయి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ సీసాన్ని కరగని ఖనిజంగా మారుస్తుంది, కానీ అదే ఫాస్ఫేటు ఆర్సెనిక్‌ను దాని చోటు నుంచి తోసేస్తుంది. కాబట్టి ఏ లోహమో తెలియకుండా ఏ మందూ వేయవద్దు.

దుబ్బ నేలలకూ పలచటి చెలకలకూ చెరువు మట్టి మంచి బలం. మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు మన రైతులు ట్రాక్టర్ల కొద్దీ తోలుకున్నారు. అందులోని బంకమన్ను, సేంద్రియ పదార్థం నేలకు తరగని సామర్థ్యాన్ని ఇస్తాయి. అయితే పట్టణపు మురుగు కలిసే చెరువు పూడిక కూడా లోహాలను పట్టి ఉంచిన మట్టే. దాన్ని పరీక్షించకుండా పొలానికి తోలడం కోరి తెచ్చుకున్న చేటు.

బాగా చివికిన పశువుల ఎరువు ఏడాదికొకసారి వేయాలి. పచ్చి ఎరువు వద్దు, దాని నుంచి కరిగే సేంద్రియ పదార్థం ఎక్కువ. పత్తి కట్టెను పొలంలో తగలబెట్టే బదులు గాలి తక్కువగా అందేలా కాల్చి బొగ్గు చేసి కలిపితే, పీహెచ్ కొంత పెరుగుతుంది, పట్టు కూడా పెరుగుతుంది. పట్టణ చెత్త నుంచి చేసిన కంపోస్టు కొనేటప్పుడు ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని హద్దులు అడగాలి. కిలోకు కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50, నికెల్ 50, ఆర్సెనిక్ 10, పాదరసం 0.15 మిల్లీగ్రాములకు మించకూడదు. పాత గుట్టలను బయోమైనింగ్‌తో, అంటే తవ్వి వేరుచేసే పద్ధతితో, జల్లెడ పట్టినప్పుడు వచ్చే సన్నటి మట్టి చూడడానికి నల్లగా, సారవంతంగా ఉంటుంది. ఉచితంగా తోలిస్తామన్నా, ఈ అంకెల కాగితం చూపకుండా తిండి పంటల పొలంలోకి రానివ్వకూడదు.

ఆవ, పొద్దుతిరుగుడు వంటి మొక్కలతో లోహాన్ని లాగించడం సాధ్యమే గానీ చాలా ఏళ్లు పడుతుంది, కోసిన మొక్కను ఎక్కడ వేయాలన్న సమస్య మిగిలే ఉంటుంది. వట్టివేళ్ల గడ్డిని యార్డు వైపు గట్టున నాటి మట్టి కొట్టుకుపోకుండా ఆపడం అంతకన్నా ఆచరణలో పెట్టదగిన పని.

పంటల విషయంలో, అనుమానమున్న మడిలో పాలకూర, తోటకూర, ముల్లంగి వేయవద్దు. ఆకుకూరలు కాడ్మియాన్ని తేలికగా పీలుస్తాయి, దుంపలకూ ఆకులకూ సీసం ఉన్న మట్టి అంటుకొని ఇంట్లోకి వస్తుంది. పత్తి వేస్తే ఆ భయం తక్కువ. వరిలో నీటి యాజమాన్యమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. మడిలో నీరు నిలిచి ఉన్నంతకాలం సల్ఫైడు ఏర్పడి కాడ్మియం బిగిసి ఉంటుంది, ఐరన్ ఆక్సైడ్ కరిగి ఆర్సెనిక్ వదులవుతుంది. కోతకు ముందు మడి ఆరబెట్టినప్పుడు ఇది తిరగబడుతుంది. కాడ్మియం సమస్య ఉన్న చోట గింజ పాలు పోసుకునే దశలో మడిని ఎండనివ్వకూడదు. ఆర్సెనిక్ ఉన్న చోట మడిని మార్చి మార్చి తడిపి ఆరబెట్టే తడి-ఆరు పద్ధతి మేలు. జపాన్‌లో జింజు నది లోయ రైతులు గని నుంచి వచ్చిన కాడ్మియం కలిసిన వరి తిని ఎముకలు గుల్లబారి బాధపడ్డారు.

యార్డు వైపు అడగవలసినవి

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పెట్టిన షరతులు ఇవి: చెత్తను పూడ్చే స్థలం అడుగున 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పొర, దాని కింద 90 సెంటీమీటర్ల దిమ్మిస కొట్టిన బంకమట్టి ఉండాలి. ఆ మట్టిలో నీరు సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు కన్నా వేగంగా దిగకూడదు. అంటే ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్లు. భూగర్భజల మట్టం ఆ పొరకు కనీసం 2 మీటర్ల కింద ఉండాలి. స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకు, ఇళ్లకు, తాగునీటి బావులకు 200 మీటర్ల దూరంలో ఉండాలి. బంకమట్టి పొరను ఎందుకంత పట్టుగా అడుగుతారంటే, అది నీటిని నెమ్మదింపజేయడంతోపాటు లోహాన్ని కూడా పట్టుకుంటుంది, ప్లాస్టిక్ పొర చిరిగినా పనిచేస్తుంది. ఎన్నో ఏళ్ల కిందట ఉత్త నేల మీద మొదలైన గుట్టలకు ఈ రెండు పొరలూ ఉండవు. అక్కడ చుట్టూ కట్ట వేసి వాన నీటిని గుట్టలోకి రాకుండా మళ్లించడం, పైన మట్టి కప్పడం, ఊటను కుంటలో పట్టి శుద్ధి చేయడం గ్రామ సభలో తీర్మానం చేసి అడగవలసినవి. లోపలికి వెళ్లే వాన నీరు తగ్గితే బయటికి వచ్చే ఊట తగ్గుతుంది, నేల మీద భారమూ తగ్గుతుంది.

పరీక్షను ఒకసారి చేసి ఆపకూడదు. బోరు నీటిని ఎండాకాలం చివర, తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు, నవంబరులో మరోసారి పరీక్షించాలి. మట్టిని రెండు మూడేళ్లకొకసారి, అదే చోట, అదే లోతుల్లో తీస్తే చాలు. లవణ పరిమాణం, పీహెచ్‌ల పరీక్షకు ఖర్చు తక్కువ కాబట్టి వాటిని ప్రతి పంటకూ చూసుకోవచ్చు. ఫలితాల కాగితాలను సర్వే నంబరు వారీగా ఒక ఫైలులో పెట్టి, ఒక నకలు పంచాయతీలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.